చెరువు చుట్టూ గోడ కట్టకండి

సంపాదకుల గారికి నమస్కారం.

గత వారం మీ పత్రిక నగర పేజీలో హైదరాబాద్ మల్కాజిగిరిలోని మా కాలనీ చెరువు సుందరీకరణ వార్త చదివాను. చెరువు చుట్టూ రింగ్‌బండ్, అంటే గుండ్రంగా మట్టికట్ట వేసి, దాని మీద టైల్స్‌తో వాకింగ్ ట్రాక్, లైట్లు, సెల్ఫీ పాయింట్ పెడతారని రాశారు. పక్కన ఫొటో కూడా వేశారు. ఆ ఫొటోలో టిప్పర్ మట్టి పోస్తున్న చోటు నాకు బాగా తెలుసు. వానాకాలంలో అక్కడ మోకాలి లోతు నీళ్లుంటాయి. నేను నీటిపారుదల శాఖలో 34 ఏళ్లు పనిచేసి అసిస్టెంట్ ఇంజనీరుగా రిటైరయ్యాను. ఉద్యోగమంతా చెరువులూ కాలువల మధ్యే గడిచింది. వార్త చదివాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. ఎందుకంటే చెప్పాల్సిన మాట స్కాట్లాండ్‌లో ఒక చిన్న ఊరి మీదుగా రావాలి.

మా అబ్బాయి అబర్డీన్‌లో ఇంజనీరు. ఇల్లు మాత్రం అక్కడికి 40 మైళ్లకు పైగా దూరంలో, డీ నది ఒడ్డున, బాలటర్ అనే ఊళ్లో. వారానికి రెండు రోజులు ఆఫీసుకి వెళ్తాడు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. మొన్న మే నుంచి ఆగస్టు దాకా నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాం. జనాభా పదిహేను వందలకు అటూ ఇటూ. మన దగ్గర రెండు పెద్ద అపార్ట్‌మెంట్లలో అంతమంది ఉంటారు. గ్రానైట్ రాతి ఇళ్లు, ఊరి మధ్య చర్చి, చర్చి చుట్టూ పచ్చిక, ఒక బేకరీ, ఒక మాంసం కొట్టు, ఒక మందుల షాపు. రాజుగారి బల్మోరల్ కోట అక్కడికి పదమూడు కిలోమీటర్లు. తిరిగొచ్చాక చుట్టాలంతా ఆ కోట గురించే అడుగుతున్నారు. నాకు మాత్రం మనసులో నిలిచింది ఆ ఊరి నది ఒడ్డు.

జూన్‌లో అక్కడ రాత్రి పది దాటినా వెలుగు పోదు. భోజనాలయ్యాక ఇద్దరం నది దాకా నడిచేవాళ్లం. గోల్ఫ్ మైదానం పక్కనుంచి ఒడ్డు వెంబడే మట్టి బాట. టైల్స్ లేవు, రెయిలింగ్ లేదు, గేటుకి తాళం లేదు. నీళ్లు అడుగున రాళ్లు కనపడేంత తేటగా ఉంటాయి. కొండల్లో వాన పడిన మర్నాడు మాత్రం చాయ్ డికాక్షన్ రంగులో వస్తాయి. గులకరాళ్ల దిబ్బల మీద నలుపూ తెలుపూ పిట్టలు, నారింజ రంగు పొడుగాటి ముక్కు, ఆ రాళ్ల మధ్యే గుడ్లు పెడతాయి. మనం దగ్గరికి పోతే అరిచి గోల చేస్తాయి. ఊరివాళ్లు కుక్కల్ని తాడుతో పట్టుకుని, అక్కడ కాస్త దూరంగా తిరిగి వెళ్తారు.

ఆ బాట మీద మూడో రోజు ఒకచోట ఆగిపోయాను. ఒక చెట్టు కొమ్మల్లో, నా తలకన్నా ఎత్తున, ఎండు గడ్డీ పుల్లలూ చుట్టచుట్టుకుని చిక్కుకుని ఉన్నాయి. పనిలో ఉన్నప్పుడు వాగుల దగ్గర వరద ఎంత ఎత్తు వచ్చిందో మేం ఇలాగే కొలిచేవాళ్లం. అంటే మేం నడుస్తున్న బాట, పక్కనున్న మైదానం, అన్నీ ఏదో ఒక రోజు నీళ్ల కింద ఉన్నాయన్నమాట. "ఏమండీ, చెట్టు కేసి చూస్తూ నిలబడ్డారేంటి?" అంది మా ఆవిడ. చెప్పాను. ఆమె వెంటనే వెనక్కి తిరిగి మా అబ్బాయి ఇల్లు ఎంత ఎత్తులో ఉందో చూసింది. మా ఇద్దరికీ అదే భయం, ఎందుకో తర్వాత చెప్తాను.

మర్నాడు పక్కింటి పెద్దావిడ టీకి పిలిచారు. ఎనభై దాటిన మనిషి, పుట్టింది పెరిగింది ఆ ఊళ్లోనే. కనపడితే చాలు "ఫిట్ లైక్" అని పలకరిస్తారు, అంటే ఎలా ఉన్నారని. అక్కడి ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది, మిగతాది అబ్బాయి చెప్పేవాడు. వాళ్ల హాల్లో కూర్చోగానే నా చూపు గోడ మీదికి పోయింది. ప్లగ్ పాయింట్లన్నీ నా నడుం ఎత్తులో ఉన్నాయి. కింద ఒక్కటి లేదు. అడిగితే లేచి, మెట్ల కింది అలమర తలుపు తెరిచి లోపలివైపు చూపించారు. చెక్క మీద పెన్సిల్ గీత. దాని పక్కన తేదీ, 30-12-15. గీత నా మోకాలు దాటి ఉంది. ఇల్లంతా మళ్లీ బాగుచేయించి రంగులు వేయించినా ఆ ఒక్క తలుపూ మార్చనివ్వలేదట. "ఇక్కడ ఇల్లు కొంటుంటే మా అమ్మ వద్దంది. అది హాక్ కదా అంది. మేం వినలేదు" అన్నారు.

హాక్ అంటే నది పక్కన చదునుగా ఉండి, నది పొంగితే నీళ్లు పరుచుకునే నేల. మన శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల, లాంటి మాట అది. వాళ్ల అమ్మకి తెలుసు, మన పల్లెల్లో పెద్దలకి తెలిసినట్టే.

2015 డిసెంబర్ 30న ఫ్రాంక్ అనే తుఫానుకి డీ నది పొంగి ఆ ఊళ్లో వందల ఇళ్లలోకి వచ్చింది. నది పక్క పార్కులోని క్యారవాన్లు, అంటే చక్రాల ఇళ్లు, అగ్గిపెట్టెల్లా కొట్టుకుపోయాయి. పైన క్రేతీ దగ్గర పెద్ద రోడ్డు ఒక ముక్క తెగిపోయింది. ఊరికి కిందివైపు కేంబస్ ఓ మే అనే చోట 1905లో ఒక దాత కట్టించిన తెల్లటి వేలాడే కాలివంతెన ఉంది. కొట్టుకొచ్చిన దుంగలు తగిలి అదీ దెబ్బతింది. మళ్లీ మనుషులు నడిచేసరికి 2021 వచ్చింది.

ఆ ఊరి పెద్ద వంతెన కథ విన్నాక నాలోని ఇంజనీరుకి ఒళ్లు జలదరించింది. మొదటి రాతి వంతెన 1799లో కొట్టుకుపోయింది. తర్వాత థామస్ టెల్‌ఫోర్డ్ అంతటి ఇంజనీరు కట్టింది 1829 ఆగస్టు వరదలో పోయింది. ఆ వరదని ఇప్పటికీ 'మకిల్ స్పేట్' అంటారు, పెద్ద వరద అని. ఆ తర్వాత చాలా ఏళ్లు చెక్క వంతెనతో నెట్టుకొచ్చి, చివరికి ఇప్పుడున్న రాతి వంతెన కట్టారు. 1885లో విక్టోరియా రాణి దాన్ని ప్రారంభించింది. అది 2015ని కూడా తట్టుకుంది. నేను దాని కింద ఒడ్డున నిలబడి కమానులు ఎంత వెడల్పుగా వదిలారో చాలాసేపు చూశాను.

వాళ్లు తప్పులు చేయలేదని నేను అనడం లేదు. హాక్ మీద ఇళ్లు కట్టుకున్నారు, దాని ఫలితం పడ్డారు. కానీ ఒడ్డు వెంట ఇప్పటికీ ఆ మట్టి బాటే ఉంది. నది పొంగితే బాట మునుగుతుంది, తగ్గాక జనం మళ్లీ నడుస్తారు. 2003లో స్కాట్లాండ్ పార్లమెంటు చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం, పొలాలకూ మనుషులకూ ఇబ్బంది కలగకుండా ఎవరైనా నది ఒడ్డునైనా కొండ మీదైనా, అది ఎవరి భూమి అయినా, నడవొచ్చు. నడవడానికి అక్కడెవరూ నదిని చిన్నది చేయాల్సిన పని పడలేదు. అదే నదిలో కలిసే బెల్టీ అనే వాగుని పూర్వం పొలాల కోసం నిటారుగా తవ్వారట. ఈమధ్య టార్ఫిన్స్ దగ్గర దాన్ని డబ్బు ఖర్చుపెట్టి మళ్లీ వంకర్లు తిప్పారు, నీళ్లు నెమ్మదిగా, పరుచుకుంటూ పోవాలని. మా అబ్బాయి కారులో తీసుకెళ్లి చూపించాడు. నా సర్వీసులో ఎన్ని వాగుల్ని నేను దారం పట్టి నిటారు చేయించానో గుర్తొచ్చి, తిరిగొచ్చే దారిలో నేను మాట్లాడలేదు.

ఇక మా భయం సంగతి. 2020 అక్టోబర్ 13 రాత్రి. ఘట్‌కేసర్ వైపు ఆ రోజు 30 సెంటీమీటర్లు దాటింది వాన. మా వీధిలోకి రాత్రి తొమ్మిదింటికి నీళ్లొచ్చాయి, పదకొండుకి ఇంట్లోకి. ముందు బాత్రూం గొట్టంలోంచి బుడగలు వచ్చాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అరగంటలో ఫ్రిజ్ లేచి పక్కకి ఒరిగింది. కరెంటు ఉంది, ప్లగ్ పాయింట్లేమో కింద! మెయిన్ ఆపడానికి నేను నీళ్లలో నడిచిన ఆ పది అడుగులు మా ఆవిడ ఈరోజుకీ మర్చిపోలేదు. పై అంతస్తు వాళ్లు తాడు వేసి మమ్మల్ని పైకి తీసుకెళ్లారు. పొద్దున చూస్తే బియ్యం బస్తా ఉబ్బి పగిలింది, మా పెళ్లి ఆల్బంలో ఒక్క ఫొటో మిగల్లేదు.

మరి చెరువేమైంది ఆ రాత్రి? చెరువు నిండలేదు! ఇది నేను పొద్దున్నే కట్ట మీదికి వెళ్లి కళ్లారా చూశాను. చెరువులో ఇంకా నాలుగడుగుల ఖాళీ ఉంది, కాలనీలో నడుం లోతు నీళ్లున్నాయి. కారణం చెప్తాను, దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. అంతకు రెండేళ్ల ముందు చెరువుకి ఒకవైపు ఇలాగే ట్రాక్ కోసం కట్ట వేశారు. ఆ వైపు పన్నెండు అడుగుల వెడల్పున్న కట్టుకాలువ చెరువులో కలిసేది. కట్ట కింద దానికి ఒక పైపు పెట్టారు. పైపు నోటికి ప్లాస్టిక్ కవర్లు, ఒక పాత పరుపు అడ్డం పడ్డాయి. అంతే. చెరువుకి రావాల్సిన నీళ్లు మా ఇళ్లకి వచ్చాయి. ఇప్పుడు మిగతా వైపులా అదే కట్ట వేస్తామంటున్నారు.

చెరువంటే మూడు వైపులా తెరిచి ఉండాలి. ఒక్కవైపే కట్ట. తెరిచిన వైపు నుంచి నీళ్లు వస్తాయి, కట్టకి తూము ఉంటుంది, ఎక్కువైతే మత్తడి దూకి కింది చెరువుకి పోతాయి. మన గొలుసుకట్టు చెరువులన్నీ కాకతీయుల కాలం నుంచి ఈ లెక్క మీదే నడిచాయి. గుండ్రంగా గోడ కట్టేస్తే అది నీళ్ల తొట్టి అవుతుంది. పైగా ఎఫ్‌టిఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, దాని లోపల మట్టి పోసిన ప్రతి అడుగూ చెరువు సామర్థ్యంలోంచి పోయినట్టే. పది హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టిఎల్ బయట 30 మీటర్ల బఫర్, అంటే ఏమీ కట్టకూడని ఖాళీ జాగా, వదలాలని నిబంధన ఉంది. ఆ 30 మీటర్లలో మట్టి బాట వేస్తే ఎంతమందైనా నడవొచ్చు. బఫర్‌లో ఉన్నాయని ఇళ్లు కూలగొడుతున్నప్పుడు, ట్రాక్ పేరుతో మనమే లోపలికి వెళ్లడం ఏం న్యాయం?

బాలటర్ నాకు ఇంకో మాట నేర్పింది. అక్కడి పాత రైల్వే స్టేషన్ 2015లో కాలిపోతే మళ్లీ అలాగే కట్టి, అందులో లైబ్రరీ పెట్టారు. రైలు 1966లోనే ఆగిపోయింది, ఆ పట్టాల దారే ఇప్పుడు చాలావరకు అబర్డీన్ దాకా నడక బాట. ఆ లైబ్రరీలో కూర్చున్నప్పుడు తెలిసింది, నగర ప్రణాళికలో పేరున్న పాట్రిక్ గెడెస్ 1854లో పుట్టింది ఆ ఊళ్లోనే అని. ఆయన 1914లో మన దేశం వచ్చి, ఎన్నో ఊళ్లు కాలినడకన తిరిగి నివేదికలు రాశారు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థలం విషయంలోనూ ఆయన సలహా తీసుకున్నారు. దోమల పేరు చెప్పి చెరువులు పూడుస్తామన్న అధికారులతో ఆయన వాదించారు. పూడ్చకండి, చేపల్నీ బాతుల్నీ పెంచండి, దోమ పిల్లల్ని అవే తింటాయి అన్నారు. నూరేళ్ల కింద, డీ నది ఒడ్డున పుట్టిన మనిషి మన చెరువుల కోసం అంత తపన పడితే, ఇక్కడే పుట్టి ఈ నీళ్లు తాగిన మనం మాట్లాడకపోతే ఎలా?

1908 సెప్టెంబర్ 28న మూసీ చేసిన నష్టం తర్వాతే కదా గండిపేట, హిమాయత్ సాగర్ కట్టుకున్నాం. నీళ్లకి చోటు కావాలని ఈ ఊరికి తెలియక కాదు.

మీ ద్వారా సంబంధిత అధికారులకు నా మనవి ఇది. పని మొత్తం ఆపమని నేను అనను. ముందు పోసిన మట్టి తీసేయండి. ఎఫ్‌టిఎల్ రాళ్లు పాతండి, అందరికీ కనపడేలా. పైపు తీసేసి కట్టుకాలువని పాత వెడల్పుతో తెరవండి, పైన బాట పోవాలంటే చిన్న వంతెన వేయండి. మత్తడి దగ్గర పెరిగిన చెట్లు, పోసిన చెత్త తొలగించండి. బాట బయట వేయండి, మట్టితో వేయండి, వానొచ్చి రెండు రోజులు మునిగినా మాకు అభ్యంతరం లేదు. గేటుకి తాళం వద్దు. కాలనీవాసులకూ ఒక మాట. ట్రాక్ వస్తే ఫ్లాటు రేటు పెరుగుతుందని కొందరు సంతోషిస్తున్నారు. 2020లో మనం నీళ్లలోంచి మోసుకెళ్లిన ముసలివాళ్లని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

వచ్చాక నేను మా ఇంట్లో ప్లగ్ పాయింట్లన్నీ నడుం ఎత్తుకి మార్పించాను. అలమర తలుపు లోపల గీత గీసి 13-10-20 అని రాశాను. మా మనవరాలు అదేంటి తాతయ్యా అని అడిగింది, చెప్పాను.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి పాత కట్ట మీద, వేపచెట్టు దగ్గర ఉంటాను. తూము ఎక్కడ పూడిపోయిందో, కట్టుకాలువ ఏ దారిన వచ్చేదో నాకు తెలుసు. ఇంజనీర్లు గానీ, కాంట్రాక్టరు గానీ, మీ విలేకరి గానీ వస్తే అడుగడుగూ నడిచి చూపిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత అసిస్టెంట్ ఇంజనీరు, నీటిపారుదల శాఖ,
మల్కాజిగిరి, హైదరాబాద్