రాజ్యాంగ సవరణ మీద వ్యాసంలో పిల్లల్ని వాదించనివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవం దగ్గరపడుతుందంటే ఒడిశాలో ఉన్న మా గజపతి జిల్లాలో చాలా స్కూళ్లలో వ్యాసరచన పోటీలు పెడతారు, టాపిక్ కూడా మంచిదే ఇస్తున్నారు, ఒక రాజ్యాంగ సవరణ తీసుకుని చదివినవాళ్లని ఒప్పించేలా రాయండి అని. నేను పర్లాకిమిడిలో ఇంటి దగ్గర ట్యూషన్ చెప్తాను కాబట్టి ఆ వారం పిల్లలు పుస్తకాలు పట్టుకుని మా ఇంటికే వస్తారు. అందరూ అడిగేది ఒకటే, "మేడం, ఏ సవరణ రాస్తే ప్రైజ్ వస్తాది?" అని. తర్వాత ఫోన్లో వెతికి 86వ సవరణ, 2002, ఆర్టికల్ 21ఎ, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య అని ఎక్కించుకుంటారు, పైన అంబేద్కర్ గారి గురించి ఒక పేరా, కింద మన రాజ్యాంగం ప్రపంచంలోనే గొప్పది అని ఒక పేరా, అయిపోయింది. పిల్లల తప్పేం లేదు, దానికే మార్కులు వేస్తున్నారు మరి.

మా అక్క కూతురు తొమ్మిదో క్లాసు. అది మాత్రం 7వ సవరణ పట్టుకుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటు వచ్చిన సవరణ అది, దాంట్లోనే ఆర్టికల్ 350ఎ పెట్టారు, ఒక రాష్ట్రంలో వేరే భాష మాట్లాడే తక్కువమంది ఉంటే వాళ్ల పిల్లలకి ప్రైమరీ స్థాయిలో సొంత భాషలో చదువు చెప్పే సౌకర్యం ఇవ్వడానికి రాష్ట్రం ప్రయత్నం చేయాలని. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, మేం తెలుగువాళ్లం ఇక్కడే ఉండిపోయాం, కాబట్టి ఈ ఆర్టికల్ మా వీధికి సంబంధించినదే. ఆ పిల్ల ఏం చేసిందంటే పక్కింట్లో ఒకటో క్లాసు బాబు హోంవర్క్ చేస్తుంటే కూర్చుని చూసింది. వాడు వేళ్ల మీద లెక్క తెలుగులో పెట్టుకుంటాడు, ఏడు ఎనిమిది తొమ్మిది అని పెదాలు కదుపుతూ, జవాబు మాత్రం ఒడియాలో చెప్తాడు, మధ్యలో ఒకసారి ఆగిపోతాడు, లెక్క రాక కాదు, ఆ అంకెని ఒడియాలో ఏమంటారో గుర్తురాక. దాన్ని అలాగే వ్యాసంలో రాసింది.

ఇంకా నాకు నచ్చింది ఏంటంటే ఎదుటివాళ్ల మాట కూడా పెట్టింది. వాళ్ల నాన్నే ఇంట్లో గట్టిగా అన్నాడు, "ఇక్కడ బతకాలంటే ఒడియా రావాల, రేపు ఉద్యోగానికి తెలుగు ఏటి పనికొస్తాది?" అని. ఆ మాటని దాచకుండా రాసి దానికి జవాబిచ్చింది, 350ఎ చెప్పేది ప్రైమరీ వరకే, ఒడియా నేర్చుకోవద్దని ఎక్కడా లేదు, అక్షరాలు, లెక్కలు ఇంటి భాషలో పట్టుకున్నవాడికి ఒడియా తర్వాత తేలిగ్గా వస్తుంది అని. చివర్లో 21ఎ కింద రాష్ట్రం చదువు తప్పకుండా ఇచ్చి తీరాలి, 350ఎలో మాత్రం ప్రయత్నం చేస్తే చాలు, కాబట్టి దీన్ని కూడా అంత గట్టిగా చేస్తూ కొత్త సవరణ తేవాలి అని అడిగింది. తొమ్మిదో క్లాసు పిల్ల ఇంతకంటే ఒప్పించేలా ఏం రాస్తుంది చెప్పండి?

కానీ స్కూల్లో పేపర్లు దిద్దినవాళ్లు "రాజ్యాంగాన్ని విమర్శించకూడదమ్మా, గొప్పతనం రాయాలి" అని ఆ పిల్ల పేపర్ పక్కన పెట్టేశారు.

నాకు బాధ ప్రైజ్ గురించి కాదు. సవరణ సరిపోదు అని రాస్తే రాజ్యాంగాన్ని తక్కువ చేసినట్టు అని పిల్లలకి నేర్పిస్తున్నారే, అది తప్పు, పైగా అది చరిత్రకే విరుద్ధం. ఎమర్జెన్సీలో 1976లో చేసిన 42వ సవరణలో కొన్ని ముఖ్యమైన భాగాల్ని ఆ తర్వాత వచ్చిన 43, 44వ సవరణలు తీసి పారేశాయి. జడ్జీల నియామకాల కోసం 2014లో 99వ సవరణ చేస్తే మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు కొట్టేసింది. సవరణల గురించి పార్లమెంటు వాదించొచ్చు, కోర్టు వాదించొచ్చు, తొమ్మిదో క్లాసు పిల్ల ఎందుకు వాదించకూడదు? అసలు రాజ్యాంగం రాసినప్పుడే ఒక్కో ఆర్టికల్ మీద ఎంత చర్చ జరిగిందో, మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారు రాజ్యసభకి పోటీ చేసే వయసు 35 వద్దు, 30 చాలు అని రాజ్యాంగ సభలో లేచి ప్రతిపాదించారు, ఇప్పుడు రాజ్యాంగంలో ఉన్నది ఆ 30 ఏళ్లే.

అంతదూరం ఎందుకు, ఇది గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు. పుస్తకాల్లో జనం మాట్లాడే భాష ఉండాలని ఆయన పెద్దపెద్ద పండితులతో ఏళ్ల తరబడి వాదించారు, ఊరికే కేకలు వేయలేదు, పాత శాసనాలు, కావ్యాలు తిరగేసి ఆధారాలు చూపించి వాదించారు. మన సవర గిరిజన పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని పుస్తకాలు కూడా తయారుచేశారు. 350ఎ గురించి మాట్లాడితే ఆ సవర పిల్లల సంగతి కూడా వస్తుంది, అలాగే బోర్డర్ అవతల ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా మాట్లాడే పిల్లల సంగతి కూడా, ఇక్కడ మాకు ఏం కావాలని అడుగుతున్నామో అక్కడ వాళ్లకీ అదే రావాలి. ఒక వ్యాసంలో ఇన్ని విషయాలు పట్టించే టాపిక్‌ని మనం కాపీ రాతకి వదిలేస్తున్నాం.

మీ పేపర్ శ్రీకాకుళం ఎడిషన్ మా దగ్గర టీచర్లు, హెడ్మాస్టర్లు చాలామంది చదువుతారు కాబట్టి మీ ద్వారా వాళ్లని అడుగుతున్నాను. టాపిక్ ముందు రోజు చెప్పకుండా కనీసం రెండు వారాల ముందు చెప్పండి, పిల్లలు ఇంట్లో, వీధిలో నలుగురిని అడిగి తెలుసుకునే టైం ఇవ్వండి. సవరణకి అనుకూలంగా రాసినా వ్యతిరేకంగా రాసినా సమానంగా చూడండి, ఎదుటివాళ్ల వాదనకి జవాబిచ్చారా, ఆధారం చూపించారా అన్నదానికే ఎక్కువ మార్కులు వేయండి, చేతిరాతకి కాదు. ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు తెలుగులో రాసే పిల్లల పేపర్లు కూడా తీసుకోండి, దిద్దడానికి తెలుగు వచ్చినవాళ్లు మా ఊళ్లో దొరక్కపోరు, పిలిస్తే నేనూ వస్తాను. టాపిక్‌లకి కొదవ లేదు, ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించిన 61వ సవరణ ఉంది, ఈ తొమ్మిదో క్లాసు పిల్లలు ఇంకో నాలుగేళ్లలో ఓటేస్తారు, వాళ్లనే అడగండి 18 సరైందా కాదా అని. లోక్‌సభ, అసెంబ్లీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకి ఇస్తూ 2023లో చేసిన 106వ సవరణ ఉంది, జనాభా లెక్కలు, నియోజకవర్గాల విభజన అయ్యాకే అమలు అన్న షరతు మీద రెండు వైపులా గట్టిగా రాయొచ్చు.

అలాగే మీకూ ఒక విన్నపం, గెలిచిన పిల్లల ఫొటో వేసి ఊరుకోకుండా ఒకటి రెండు వ్యాసాలు పూర్తిగా అచ్చు వేయండి, సవరణకి వ్యతిరేకంగా రాసినది కూడా.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా