బజాల్‌జెట్ గురించి కూడా ఒకసారి వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

రెండో ప్రపంచ యుద్ధం మీద మీ పేపర్లో ఏమొచ్చినా ఫైటర్ పైలట్లు, జనరల్స్ గురించే ఉంటుంది, బాంబర్లలో పోయినవాళ్ళ ఊసే ఉండదు. బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో, అంటే వాళ్ళ ఎయిర్‌ఫోర్స్‌లో బాంబులేసే విభాగంలో, చనిపోయింది 55,573 మంది, అందులో దాదాపు పదివేల మంది కెనడా వాళ్ళే. వాళ్ళలో ఒకాయన, స్క్వాడ్రన్ లీడర్ ఇయాన్ బజాల్‌జెట్ గురించి చెప్దామని ఈ ఉత్తరం.

ఈయన పుట్టింది 1918లో కెనడాలోని కాల్గరీలో, పెరిగింది మాత్రం ఇంగ్లండ్‌లో, పనిచేసింది కూడా బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్‌లోనే, అందుకని మావాడంటే మావాడని రెండు దేశాలూ చెప్పుకుంటాయి, చెప్పుకోనివ్వండి. 115 స్క్వాడ్రన్‌లో ఉండగా 1943లో విమానంలో చూపిన ధైర్యానికిచ్చే డీఎఫ్‌సీ మెడల్ వచ్చింది. తర్వాత కొత్తవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే పనిలో పడ్డాడు, హాయిగా అక్కడే ఉండిపోవచ్చు, కానీ కోరి మరీ పాత్‌ఫైండర్స్‌కి వచ్చాడు. వీళ్ళ పనేంటంటే అందరికంటే ముందెళ్ళి టార్గెట్ మీద రంగు రంగుల మార్కర్లు వేయడం, వెనకొచ్చే విమానాలు అవి చూసి బాంబులేస్తాయి, కాబట్టి కింద ఉన్న గన్స్ అన్నీ ముందు వీళ్ళ మీదే పేలతాయి.

1944 ఆగస్టు 4న పారిస్‌కి ఉత్తరాన ట్రోసీ సెయింట్ మాక్సిమిన్ దగ్గర, జర్మన్లు లండన్ మీదకి వదిలే వీ-1లు, అంటే పైలట్ లేకుండా ఎగిరే బాంబులు, దాచిన చోటికి వెళ్ళారు. టార్గెట్ దగ్గరికి వస్తుండగానే ఈయన నడిపే లాంకాస్టర్ బాంబర్ విమానానికి దెబ్బ తగిలి కుడివైపు రెండు ఇంజన్లూ పోయాయి, రెక్కకీ బాడీకీ మంటలు, గురి చూసి బాంబులు వదిలే బాంబ్ ఎయిమర్‌కి బాగా గాయాలు. డిప్యూటీ మాస్టర్ బాంబర్ (గాల్లోంచే దాడిని నడిపించేవాళ్ళలో రెండోవాడు) విమానం అప్పటికే కూలిపోయింది, ఇప్పుడు ఈయన కూడా తిరిగిపోతే వెనకొచ్చేవాళ్ళకి మార్కింగే ఉండదు, అందుకే ఆ మంటలతోనే వెళ్ళి మార్క్ చేసి, బాంబులేశాడు. వేయగానే విమానం అదుపు తప్పి కిందికి దూసుకుపోయింది, ఎలాగో నిలబెట్టాడు, అంతలో మూడో ఇంజన్ కూడా ఆగింది.

దూకగలిగినవాళ్ళని దూకెయ్యమన్నాడు, నలుగురు దూకారు, నలుగురూ బతికారు. కానీ గాయపడ్డ బాంబ్ ఎయిమర్, పొగకి స్పృహ తప్పిన మిడ్ అప్పర్ గన్నర్ (విమానం నడిమీద గన్ దగ్గరుండేవాడు) కదల్లేరు. లాంకాస్టర్ లోపల ఎలా ఉంటుందంటే రెక్కల్ని మోసే మెయిన్ స్పార్ అనే దూలం మధ్యలో అడ్డంగా నడుము దాకా ఉంటుంది, బాగున్న మనిషే ఆ దళసరి బట్టల్లో దాన్ని ఎక్కి దాటాలి, స్పృహ లేనివాణ్ణి దాటించడం ఎవరి తరం? అందుకని తనూ దూకకుండా సెనాంట్ అనే చిన్న ఊరిని తప్పించి పొలాల్లో దింపాడు. దిగడమైతే బానే దిగింది, దిగాక పేలిపోయి ముగ్గురూ పోయారు. ఆయన వయసు 25. ఏడాది తర్వాత, 1945 ఆగస్టులో, బ్రిటన్ అత్యున్నత సాహస పురస్కారం విక్టోరియా క్రాస్ ప్రకటించారు.

ఈ బాంబర్ల దాడుల్లో జర్మనీలోని హాంబర్గ్, డ్రెస్డెన్‌లలో చచ్చిపోయిన మామూలు జనం సంగతేంటని అడిగేవాళ్ళుంటారు, అడగాల్సిందే, అది కూడా రాయండి. కానీ ఆ లెక్కలో ఈయన చేసింది కొట్టుకుపోకూడదని నా బాధ. కాల్గరీకి దక్షిణాన నాంటన్‌లో బాంబర్ కమాండ్ మ్యూజియం ఉంది, అక్కడి లాంకాస్టర్‌ని ఈయన పేరుకే అంకితం ఇచ్చారు, ఇంజన్లు ఇప్పటికీ స్టార్ట్ చేసి చూపిస్తారు. వచ్చే ఆగస్టు 4కి ఆ విమానం ఫోటోతో అరపేజీ వేయగలరా?

ఇట్లు
మీ పాఠకుడు