పీహెచ్‌డీ ఉంది, లైబ్రరీ కార్డు లేదు

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ మీ పేపర్లోనూ, మిగతా పేపర్లలోనూ ఒకటే హెడ్డింగ్ చూస్తుంటాను, 'బాలికలదే పైచేయి' అని. నేను పాసైన ఏడాది కూడా అదే వేశారు, మా నాన్న ఆ కటింగ్ ఇప్పటికీ బీరువాలో దాచిపెట్టుకున్నాడు. ఆ పైచేయి ఆడపిల్లలు ఇరవై ఏళ్ళ తర్వాత ఏమయ్యారో ఎవరైనా రాస్తారేమోనని చూసి చూసి, ఇక నా సంగతి నేనే రాద్దామని కూర్చున్నా. పొడుగైందనిపిస్తే కత్తిరించుకోండి, లైబ్రరీ ముక్క మాత్రం తీసేయకండి.

మాది అనంతపురం. బాటనీలో వేరుశనగ మీద, అదే మా చెనక్కాయ మీద, పీహెచ్‌డీ చేశాను. 2015 చివర్లో వైవా, అదే చివరి మౌఖిక పరీక్ష, అయింది. 2016లో బాబు, 2019లో పాప. ఆ వెంటనే కరోనా, అది తగ్గేసరికి మా అత్తకి పక్షవాతం. ఈ ఒక్క ఏడాది ఆగుదాం అనుకుంటూనే తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. నన్నెవరూ బలవంతంగా ఆపలేదు, అది కూడా చెప్పాలి. మా ఆయన 'నీ ఇష్టం' అన్నాడు. రాత్రి మూడింటికి పాల కోసం ఏడ్చే బిడ్డ దగ్గర ఎవరి ఇష్టం సాగుతుందో తల్లులకి నేను చెప్పక్కర్లేదు.

నా సబ్జెక్టు నాకోసం ఆగలేదు. వైవా అయిన కొన్ని నెలలకే, 2016లో, వేరుశనగకి పూర్వీకులైన రెండు అడవి మొక్కల జీనోమ్, అంటే వాటి మొత్తం జన్యు పటం, బయటికొచ్చింది. 2019లో మనం చేలల్లో వేసే వేరుశనగ జీనోమే వచ్చేసింది. నేనప్పుడు పాప టీకాల కార్డు పట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాను. చేలల్లో కూడా అంతే. నేను చదివేటప్పుడు ఎక్కడ చూసినా కే-6 రకమే. మొన్న ఊరికెళ్తే మా నాన్న కదిరి లేపాక్షి అనే కొత్త రకం వేశాడు, దాని కాపు గురించి ఆయన చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వింటున్నా. "ఏమ్మా, నువ్వు చదివింది దీని గురించే కదా, నీకు తెలీదా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

సరే, వెనకబడ్డాను. చదువుకుంటే అందుకోవచ్చు, సొంతంగా చదువుకోవడం ఎలాగో నేర్పేదే కదా పీహెచ్‌డీ. అసలు చిక్కు అక్కడే వచ్చింది. చదవాలంటే జర్నల్ పేపర్లు, అంటే పరిశోధన పత్రికల్లో వచ్చే వ్యాసాలు, కావాలి, కొన్ని పేపర్లయితే ఒక్కోదానికి రెండు మూడు వేలు కట్టమంటున్నాయి. 2025 జనవరి నుంచి కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అని, జర్నళ్ళ చందా తనే కట్టే పథకం మొదలుపెట్టింది, 30 మంది ప్రచురణకర్తలవి దాదాపు 13,000 జర్నళ్ళు, మూడేళ్ళకి 6,000 కోట్లు. మంచి పనే, కాదనను. అది ప్రభుత్వ విద్యాసంస్థల్లో, పరిశోధన సంస్థల్లో ఉన్న విద్యార్థులకి, అధ్యాపకులకి, పరిశోధకులకి. నేను ఆ మూడింటిలో ఏదీ కాదు, ఒకప్పుడు మొదటిదీ మూడోదీ అయి ఉన్నదాన్ని.

చదువుకున్న చోటే కదా అని ఒకరోజు లైబ్రరీకి వెళ్ళా. కౌంటర్లో అబ్బాయి చాలా మర్యాదగా "ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు మేడం?" అన్నాడు. ఎక్కడా లేదన్నా. "మరి మీకు లైబ్రరీ ఎందుకు మేడం?" అన్నాడు. అతని తప్పేం లేదు, అతని రిజిస్టర్లో నాలాంటివాళ్ళకి గడి లేదు. బస్సులో ఇంటికొస్తుంటే మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం చదువుకు, ఉద్యోగానికి విరామం వచ్చిన ఆడవాళ్ళ కోసమే 2002-03లో విమెన్ సైంటిస్ట్ స్కీమ్ మొదలుపెట్టింది, ఇప్పుడది వైజ్-కిరణ్ పేరుతో నడుస్తోంది. బయోటెక్నాలజీ విభాగానిది అలాంటిదే బయోకేర్ ఉంది. ఇవన్నీ మా ఊళ్ళ దాకా వస్తాయని నాకు ఎవరూ చెప్పలేదు, ఫోన్లో వెతుక్కుంటే తెలిసింది. దరఖాస్తు పెట్టాలంటే ఒక సంస్థ 'ఈమెకి చోటిస్తాం' అని సంతకం పెట్టాలి, పని దగ్గరుండి చూసే ఒక మెంటార్ ఒప్పుకోవాలి. దాని కోసం ఆరు నెలలు తిరిగాను. ఒక సారు, పేరు చెప్పను, "ముందు ప్రాజెక్టు రానీ అమ్మా, అప్పుడు చూద్దాం" అన్నారు. సంతకం లేనిదే ప్రాజెక్టు రాదు, ప్రాజెక్టు లేనిదే సంతకం కాదట. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది.

యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేస్తున్న ఆడవాళ్ళకి 240 రోజుల దాకా ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు ఇవ్వొచ్చు, గడువులో రెండేళ్ళ సడలింపు కూడా ఉంది. అదంతా రిజిస్ట్రేషన్ ఉన్నంత వరకే. పట్టా చేతికొచ్చాక బిడ్డ పుడితే నువ్వెవరో, మేమెవరో. థీసిస్ మధ్యలో కని ఉంటే బాగుండేదేమో! (మా గైడ్ గారు ఏమనేవారో అది వేరే సంగతి.)

ఇంటర్వ్యూల గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. 'గ్యాప్ ఎందుకొచ్చింది', 'పిల్లల్ని ఎవరు చూసుకుంటారు', అంతే, సబ్జెక్టు అడిగేలోపు టైమ్ అయిపోతుంది. మా ఆయనా జూనియర్ కాలేజీ లెక్చరరే, ఆయనకీ ఆ ఇద్దరే పిల్లలు, ఏ ఇంటర్వ్యూలోనూ ఆయన్ని ఆ రెండో ప్రశ్న అడగలేదు.

నేను అడిగేది ఉద్యోగం కాదు. అనంతపురంలో కృష్ణదేవరాయ, సెంట్రల్ యూనివర్సిటీ, కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ, ఇన్ని ఉన్నాయి మనకి. పీహెచ్‌డీ చేసి మధ్యలో ఆగిపోయినవాళ్ళని రెండేళ్ళపాటు విజిటింగ్ స్కాలర్ అని ఒక ఐడీ ఇచ్చి చేర్చుకోండి. జీతం వద్దు, హాస్టల్ వద్దు. లైబ్రరీ, లాగిన్, డిపార్ట్‌మెంట్ సెమినార్లో వెనక వరసలో ఒక కుర్చీ. ఫీజు పెట్టండి, కడతాం. పథకాల దరఖాస్తు మీద సంతకం ఎవరు పెట్టాలో, ఎన్ని రోజుల్లో పెట్టాలో ఒక సర్క్యులర్ వెయ్యండి. నాతో చదివినవాళ్ళలో ఒకామె వాట్సాప్‌లో చీరలు అమ్ముతోంది, ఇంకొకామె ఆరో తరగతికి సైన్స్ చెబుతోంది. రెండూ గౌరవమైన పనులే. కానీ వాళ్ళిద్దరూ నాకంటే బాగా మైక్రోస్కోప్ పట్టేవాళ్ళు.

నాకైతే చివరికి సంతకం దొరికేలా ఉంది, పక్క జిల్లాలో. ఆ మేడం నా గ్యాప్ గురించి ఒక్క మాట అడగలేదు, జాలీ పడలేదు. ప్రపోజల్ మొత్తం చదివి, మూడో పేజీలో ప్రయోగం డిజైన్ తప్పని పెన్సిల్‌తో గీత పెట్టి ఇచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత నా పనిలో ఒకరు తప్పు పట్టారు, ఆ రోజు ఇంటికొచ్చి పిల్లలకి పాయసం చేశాను. అది దిద్దాలంటే ఇప్పుడు రెండు పేపర్లు చదవాలి. ఆ రెండూ నాకు ఓపెన్ కావడం లేదు.

— ఒక పాఠకురాలు, అనంతపురం