డైపర్ల కోసం జర్మనీ వెళ్ళొచ్చా

ఒరేయ్ సుబ్బూ,

నీ వాయిస్ మెసేజ్ ఎప్పుడో విన్నా, తీరిగ్గా రాద్దాం అనుకుంటూనే వారం గడిచిపోయింది, తిట్టుకోకు. నిన్న పిల్లాడి డైపర్లు అయిపోతే కేల్ వెళ్ళొచ్చా. కేల్ అంటే జర్మనీ రా! మేముండే స్ట్రాస్‌బర్గ్ ఫ్రాన్స్, మధ్యలో రైన్ నది, డి లైన్ ట్రామ్ ఎక్కితే వంతెన దాటించి అవతల దింపేస్తుంది, 2017 నుంచి నడుస్తోంది. ఎప్పుడైనా పోలీసులు ఎక్కి కార్డు చూస్తారు, అంతే. డైపర్లు, షాంపూలు అక్కడ చవక, ఇక్కడివాళ్ళు సిగరెట్ల కోసం కూడా పోతారు.

మా పక్కింటి తాత మాత్రం ఆ ట్రామ్ ఎక్కడు. మా స్ట్రాస్‌బర్గ్ ఉన్న ఈ అల్సాస్ ప్రాంతం ఉంది చూడు, 1871లో జర్మనీ లాక్కుంది, 1918లో ఫ్రాన్స్‌కి వచ్చింది, 1940లో మళ్ళీ జర్మనీ, యుద్ధం చివర్లో మళ్ళీ ఫ్రాన్స్. ఇల్లు కదలకుండానే నాలుగుసార్లు దేశం మారింది. 1942లో ఇక్కడి కుర్రాళ్ళని నాజీలు బలవంతంగా సైన్యంలోకి పట్టుకుపోయారు, పక్కనున్న మోసెల్ జిల్లాతో కలిపి లక్షా 30 వేల మంది. తాత వాళ్ళ నాన్న అలా రష్యా వైపు వెళ్ళి తిరిగి రాలేదు. ఊళ్ళో మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళకి 1936లో పెట్టిన ఒక స్మారకం ఉంది, అమ్మ ఒడిలో ప్రాణం పోతున్న ఇద్దరు కొడుకులు, ఒంటిమీద బట్టల్లేవు. యూనిఫాం వేస్తే ఎవడు ఏ దేశం తరఫున పోయాడో తెలిసిపోతుంది కదా. కింద 'మా మృతులకు' అని మాత్రమే ఉంటుంది, ఏ దేశం కోసమో రాయలేదు.

1984లో మొదటి ప్రపంచ యుద్ధభూమి వెర్దన్ దగ్గర ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాన్, జర్మనీ ఛాన్సలర్ కోల్ చెయ్యీ చెయ్యీ పట్టుకు నిలబడ్డ ఫోటో నువ్వూ చూసుంటావ్. బావుంటుంది, కాదన్ను. కానీ అసలు పని అంతకు ముందే, చప్పగా, లెక్కల పుస్తకాల్లో జరిగింది రా. 1950 మే 9న ఫ్రెంచ్ విదేశాంగ మంత్రి షూమాన్ (ఆయనా పుట్టుకతో జర్మన్ పౌరుడే!) బొగ్గు, ఉక్కు ఇద్దరివీ కలిపి ఉమ్మడి అజమాయిషీ కింద పెడదాం అన్నాడు. ఫిరంగి చెయ్యాలంటే ఉక్కు కావాలి కదా, మన ఊళ్ళో పాలివాళ్ళు కొట్టుకుంటుంటే ఉమ్మడి బావి మోటారు తాళం పెద్దమనుషుల చేతికిస్తారే, అట్లా అన్నమాట. తర్వాత 1963లో రెండు దేశాల స్నేహానికి ఎలీజే ఒప్పందం, పిల్లల్ని అటూ ఇటూ పంపడానికి ఒక ఆఫీసు, ఇప్పటికి 90 లక్షల మందికి పైగా వెళ్ళొచ్చారట.

ఇంత జరిగినా ఫ్రాన్స్‌లోనే ఒరాదూర్ అనే ఊరు ఉంది, అక్కడ 1944 జూన్ 10న నాజీల ఎస్ఎస్ దళం వాళ్ళు 640 మందికి పైగా చంపేశారు, ఆడవాళ్ళని పిల్లల్ని చర్చిలో పెట్టి. ఆ ఊరికి జర్మన్ అధ్యక్షుడు మొదటిసారి వెళ్ళింది 2013లో! ఇంకా ముల్లు ఏంటంటే, చంపినవాళ్ళలో అల్సాస్ కుర్రాళ్ళూ ఉన్నారు, 1953లో బోర్డోలో కేసు నడిచి శిక్షలు పడితే, బలవంతంగా తీసుకెళ్ళారని పార్లమెంటు వాళ్ళకి క్షమాభిక్ష పెట్టేసింది. ఇక ఒరాదూర్ వాళ్ళు మండిపడ్డారు, జర్మనీ మీద కాదు, పారిస్ మీద, ఇక్కడివాళ్ళ మీద. దేశాల మధ్య చెయ్యి కలపడం కన్నా ఇంట్లోవాళ్ళ మధ్య కలపడమే కష్టమైందనిపిస్తుంది నాకు. తాతని దీని గురించి ఒక్కసారే అడిగా, టాపిక్ మార్చేశాడు, మళ్ళీ అడగలేదు.

2020 కోవిడ్ అప్పుడు ఆ సరిహద్దు కొన్నాళ్ళు మూసేశారు, అవతల ఫ్రెంచ్ వాళ్ళని చూసి కొందరు తిట్టారని కూడా చెప్తారిక్కడ. అన్నేళ్ళ స్నేహం ఉండి కూడా, చూశావా!

నిన్న నేను బయల్దేరుతుంటే తాత తలుపు తీసి, అక్కడ దొరికే ఊరబెట్టిన దోసకాయల సీసా ఒకటి తెమ్మన్నాడు, చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పోశాడు. నెలకోసారి ఇదే వరస. మీరూ రావచ్చుగా అంటే మోకాళ్ళ నొప్పులంటాడు, ఆదివారం మాత్రం మూడంతస్తులు దిగి చర్చికి వెళ్తాడు.

ఉంటా రా, అమ్మానాన్నల్ని అడిగానని చెప్పు. ఆవకాయ పార్సిల్ సంగతి మర్చిపోకు.

నీ
కిట్టు