అనుమతి ఉంది, ఆధార్ గడి దాటదు

అయ్యా,

ప్రాణభయంతో పారిపోయి వచ్చిన విదేశీయులకు మన దేశంలో పని చేసుకునే వీలే లేదని చాలామంది అనుకుంటారు. పూర్తిగా నిజం కాదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం పెట్టలేదు. 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన కొత్త విదేశీయుల చట్టంలోనూ వీళ్ల ప్రస్తావన విడిగా లేదు. అయినా కేంద్ర హోంశాఖ 2011 డిసెంబరు 29న రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల్లో ఒక దారి ఉంది. జాతి, మతం, రాజకీయ అభిప్రాయం వంటి కారణాలతో స్వదేశంలో వేధింపుల భయం ఉందని తేలితే దీర్ఘకాలిక వీసా ఇస్తారు. ఏడాదికోసారి పొడిగిస్తూ ఐదేళ్లు. అది చేతికొస్తే ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చని అందులోనే ఉంది.

అసలు చిక్కు కొలువులో చేరే రోజు మొదలవుతుంది. గాజువాకలో ఏ చిన్న యూనిట్లో హెల్పర్‌గా చేరినా ముందు అడిగేది ఆధారే. ఆ 12 అంకెలు పడందే మామూలు కార్మికుడికి పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) పుట్టదు. విదేశీయులను పాస్‌పోర్టుతో చేర్చే పద్ధతి పీఎఫ్‌లో ఉంది నిజమే, పారిపోయి వచ్చినవాడి దగ్గర పాస్‌పోర్టు ఉంటేగా! ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల కార్యాలయం ఇచ్చిన కార్డు చూపిస్తే ఆధార్ కేంద్రంలో చెల్లదు. బ్యాంకు ఖాతా కూడా అక్కడే ఆగుతుంది.

అప్పుడు జరిగేది కాంట్రాక్టు పనులు తెలిసినవాళ్లకు కొత్త కాదు. మస్టర్ రోల్లో (హాజరు పట్టీలో) మరొకరి పేరు రాస్తారు, కూలి చేతికిస్తారు. మిషన్లో వేలు నలిగిన రోజున బండారం బయటపడుతుంది. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు మీద పేరొకరిది, ఫొటో ఒకరిది, గాయం ఇంకొకరిది. ఆసుపత్రి కౌంటర్ దాకా వెళ్తే కాంట్రాక్టరూ ఇరుక్కుంటాడు గనుక బయట కట్టు కట్టించి, నాలుగు వేలు చేతిలో పెట్టి పంపేస్తాడు. కనీస వేతనానికి గానీ ప్రమాద పరిహారానికి గానీ చట్టం పౌరసత్వం అడగదు. అయితే ఆ మనిషి అక్కడ పనిచేశాడని చూపే కాగితం ఏదీ?

స్థానికుల ఉపాధి పోతుందన్న భయాన్ని కొట్టిపారేయలేం. కానీ కూలి రేటును పడగొట్టేది కాగితం లేని మనిషే. అతను కనీస వేతనం అడగలేడు, ఫిర్యాదూ చేయలేడు. పక్కనున్న మన కుర్రాడికి ఆ తగ్గిన రేటే చూపిస్తారు.

కంచరపాలెం బర్మా క్యాంపును ఉదాహరణగా చెబుతుంటారు కొందరు. ఆ పోలిక సగమే అతుకుతుంది. రంగం (బర్మాలోని రంగూన్) నుంచి తిరిగొచ్చిన ఆ క్యాంపువాళ్లు మన దేశస్థులే గనుక పని చేయొచ్చా లేదా అన్న ప్రశ్నే రాలేదు. వాళ్లకూ, శ్రీలంక నుంచి వచ్చినవాళ్లకూ ఆసరాగా 1969లో రెప్కో బ్యాంకునే పెట్టారు. ఇప్పుడు కావలసింది ఒక్క కార్డు.

ఆ కార్డు మీద ఫొటో, నంబరు, చెల్లే తేదీ, 'పని చేయవచ్చు' అన్న మాట ఉండాలి. పీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంకు పోర్టళ్లలో ఆధార్ గడి పక్కన ఆ నంబరుకూ చోటివ్వాలి. ఇది లేకుండా ఎన్ని ఉత్తర్వులిచ్చినా పేరోల్ సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు. వీసా దరఖాస్తును హోంశాఖ మూడు నెలల్లో తేల్చాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. అప్పటికీ తేలకపోతే ఆరో నెల నుంచి తాత్కాలిక కార్డు ఇవ్వాలి. యూరప్ కూటమి కూడా ఆశ్రయం కోరినవారికి పని చేసే వీలివ్వడానికి ఉన్న తొమ్మిది నెలల గడువును 2024 నాటి నిబంధనల్లో ఆరుకు కుదించింది. కార్డును ఒకే యజమానికి ముడిపెట్టకూడదు, పెడితే అతను మానేయలేడు, ఎదురు మాట్లాడలేడు.

మరొకటి, పొడిగింపు. వీసాకు రెండు నెలలే మిగిలి ఉంటే ఏ యజమానీ కొత్తగా చేర్చుకోడు, గడువు దాటితే బ్యాంకు కేవైసీ పేరుతో ఖాతా ఆపేయవచ్చు. గడువులోగా పొడిగింపు కోరినవారికి, నిర్ణయం వచ్చేదాకా ఆ దరఖాస్తు రసీదుతోనే పాత కార్డు చెల్లుతుందని ఉత్తర్వులో రాయాలి.

— పీఎఫ్, ఈఎస్ఐ కన్సల్టెంట్లు, డాబాగార్డెన్స్, విశాఖపట్నం