156 చుట్లు, ఇంకో 40 మీటర్లు

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. ప్రతి నెలా ఈ ఉత్తరంలో పరీక్షల తేదీలు, ఫీజుల గడువు, బస్సు వేళలు రాస్తుంటాను. ఈసారి అవన్నీ వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీని మాత్రం నా కాళ్ల గురించి రాసుకోవడానికి వాడుకుంటున్నాను. మన్నించాలి.

జూన్‌లో జరిగిన సమావేశం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏజెన్సీలోని వసతి గృహాల పిల్లలకు కంటి పరీక్షలు చేయించి, అవసరమైనవారికి కళ్లద్దాలు ఇప్పించడానికి నిధి పోగుచేద్దామని ప్రతిపాదించింది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాడేరు వైపు రెండేళ్లు పనిచేశాను. బోర్డు మీది అక్షరాలు కనబడక, కనబడడం లేదని చెప్పాలని కూడా తెలియక, మొద్దు అనిపించుకుంటూ వెనక బెంచీలో కూర్చునే పిల్లలను అప్పుడు చూశాను. ఆర్కే బీచ్ కాళీమాత గుడి నుంచి భీమిలి గడియార స్తంభం దాకా నడుద్దాం, నడిచిన ప్రతి కిలోమీటరుకూ ఇంత అని చందా రాయించుకుందాం అన్నదీ నేనే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే మూడో వరసలోంచి ఒక నాన్నగారు లేచి, "మేడమ్, మీరూ నడుస్తారు కదా?" అన్నారు.

అంతమందిలో కాదనడానికి నోరు రాలేదు.

ఇంటికి వెళ్లి లెక్క వేసుకున్నాను. మన బడి మైదానం చుట్టుకొలత 160 మీటర్లు. దారి సుమారు 25 కిలోమీటర్లు. అంటే 156 చుట్లు, ఇంకో 40 మీటర్లు. లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది కానీ, జవాబు చూసి మోకాళ్లు నొప్పెట్టడం అదే మొదటిసారి.

వ్యాయామానికీ నాకూ ఏనాడూ పడలేదు. చిన్నప్పుడు డ్రిల్లు పీరియడ్ ఉన్న రోజే నాకు కడుపునొప్పి వచ్చేది. పరుగు పందెంలో అందరికంటే వెనక వచ్చినవాళ్లకు మిగతా పిల్లలు చప్పట్లు కొట్టేవారు. అవి మెచ్చుకోలు చప్పట్లు కావని ఎనిమిదేళ్ల పిల్లకైనా తెలుస్తుంది. పెద్దయ్యాక ఎవరూ ఈల ఊది పరిగెత్తమనలేదు కాబట్టి పరిగెత్తలేదు. మొదటి అంతస్తుకు కూడా లిఫ్టు కోసం నిలబడే మనిషిని. చీకటి ఉండగానే లేచి బీచ్‌లో నడిచేవారిని చూస్తే, వీళ్లకు ఇంట్లో పనేమీ లేదా అనుకునేదాన్ని.

జులైలో మొదలుపెట్టాను. తోడు మన బడి ఆయమ్మ. ఆమెను అడగడానికి కారణం ఉంది. అదే నెలలో ఆషాఢ పౌర్ణమి ముందురోజు ఆమె అడవివరంలో తొలిపావంచా (కొండ మెట్ల మొదలు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచింది. ఒక్క రోజు సెలవు పెట్టి, ఆ పై రోజు ఉదయం ఏడున్నరకల్లా వచ్చి బడి గేటు తాళం తీసింది. నేను ఆ వారమంతా ఎక్కడికీ నడవకుండానే నడుము నొప్పితో ఉన్నాను.

పొద్దున పూట ఆర్కే బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు కాబట్టి జలాంతర్గామి మ్యూజియం దగ్గర మొదలుపెట్టేవాళ్లం. తొలి రోజు ఇరవై నిమిషాలు నడిచాను. అందులో ఆరు నిమిషాలు సముద్రాన్ని చూస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాను. జులైలో విశాఖ ఉక్కపోత మీకు చెప్పక్కరలేదు. గాలిలోనే అంత తేమ ఉంటే పట్టిన చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే అదే దూరం జనవరిలో కంటే అప్పుడు ఎక్కువ అలసట తెస్తుంది. ఇది తెలిశాక కాస్త ఊరట కలిగింది. తప్పంతా నాది కాదు, సగం బంగాళాఖాతానిది.

2020 అక్టోబరులో గాలివానకు కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డున చిక్కుకుపోయిన బంగ్లాదేశ్ ఓడ గుర్తుందా? ఆగస్టు నెలంతా నేనూ సరిగ్గా అక్కడే చిక్కుకుపోయాను. పార్కు గేటు కనబడగానే కాళ్లు లంగరు వేసేవి. అక్కడి నుంచి ఆటోలో ఇంటికి.

ఒకరోజు మావారు "మొక్కుబడిగా నడుస్తున్నావు" అని వేళాకోళం చేశారు. ఆ మాట ఆయమ్మ విని, "మొక్కుబడంటే తేలికనుకుంటున్నారా అయ్యగారూ? ఓసారి మా అప్పన్నకు మొక్కి చూడండి" అంది. తర్వాత దారిలో నాతో ఆమె చెప్పిన మాట ఇది: "కొండ చుట్టూ తిరిగేటప్పుడు పక్కవాళ్లు ఎంత దూరం పోయారని ఎవరూ చూడరమ్మా. కాలు నొప్పెడితే ఏదో ఒక అరుగు మీద కూర్చుంటాం. ఎవరో మజ్జిగ ఇస్తారు. తాగి లేస్తాం." బీఈడీలో నాకు ఎవరూ ఇంత చక్కగా బోధనాశాస్త్రం చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి చేతి గడియారం ఇంట్లో పెట్టి బయలుదేరాను. నడుస్తూ ఆయాసపడకుండా మాట్లాడగలుగుతున్నానా లేదా అన్నదే కొలత. మాట తెగితే వేగం తగ్గించడం, పాట పాడగలిగితే పెంచడం. పాటల సంగతి ఆయమ్మ చూసుకునేది.

గడియారం అంటే గుర్తొచ్చింది. తరగతి వాట్సాప్ గ్రూపుల్లో కొందరు రోజూ పదివేల అడుగుల లెక్క పెడుతున్నారు. సంతోషమే. కానీ ఆ పదివేలు ఏ వైద్య పరిశోధనలోనూ తేలిన సంఖ్య కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం తయారుచేసి, దానికి పదివేల అడుగుల మీటరు అని అర్థం వచ్చే పేరు పెట్టింది. పేరు నిలిచిపోయింది. ఏడువేలు నడిచినవారు తలవంచుకోనక్కరలేదు.

ఆదివారం ఒక్కటే దూరం నడక. వారం వారం కొంత పెంచడం, నాలుగో ఆదివారం కాస్త తగ్గించడం, సోమవారం పూర్తి విశ్రాంతి. ఇది మన పీఈటీ మాస్టారు వేసిచ్చిన పట్టిక. సెప్టెంబరులో ఋషికొండ దాటాను. ఆ గర్వంతోనే మరుసటి ఆదివారం కొత్త బూట్లు వేసుకుని బయలుదేరాను.

సాగర్‌నగర్ దాటుతుండగా ఎడమ మడమ వెనక సన్నగా మంట మొదలైంది. మరో అరగంటకు ప్రతి అడుగుకూ నిప్పురవ్వ తగిలినట్టు ఉంది. గట్టు మీద కూర్చుని మేజోడు విప్పితే రూపాయి బిళ్లంత బొబ్బ. చెమటకు తడిసిన నూలు మేజోడు చర్మానికి అంటుకుని, బూటు అంచు దానిని అదేపనిగా రుద్దింది. బొబ్బను చిదపకూడదని ఆయమ్మ నా చేయి పట్టుకుని ఆపింది. భీమిలి నుంచి వస్తున్న బస్సెక్కి, ఒక కాలికి బూటు, రెండో కాలికి ఆయమ్మ సంచిలోని హవాయి చెప్పు వేసుకుని ఇల్లు చేరాను. బస్సులో మన ఆరో తరగతి పాప ఒకరు వాళ్ల అమ్మగారితో ఉన్నారు. మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశారు. ఇద్దరికీ కృతజ్ఞతలు.

ఆ బొబ్బ వల్ల నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొన్నవాటిని కనీసం నెల రోజులు వాడి మెత్తబరచండి. పూర్తిగా నూలు మేజోళ్లు వద్దు. వేళ్ల మధ్య, మడమకు వాజిలైన్ రాసుకోండి. దాహం వేసినప్పుడు తాగండి, కానీ గంటల తరబడి ఉత్త మంచినీళ్లే ఎక్కువెక్కువగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చిన్న టీ చెంచాతో, తలకొట్టి కొలిచినవి. గుండె జబ్బు, బీపీ, చక్కెర వ్యాధి ఉన్నవారు ముందు మీ డాక్టరును అడగండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం బొబ్బ కాదు.

ఆ బొబ్బ మానుతున్న వారంలో నేను నడవలేక, ఆటల పీరియడ్‌లో మైదానం పక్కన బాదంచెట్టు కింద కుర్చీ వేయించుకుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అక్కడే ఏడో తరగతి అమ్మాయి ఒకతె గట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో ఇంటి దగ్గర నుంచి తెచ్చిన చీటీ: కడుపునొప్పి, ఆటలకు మినహాయింపు ఇవ్వగలరు. ఆ చీటీ చూడగానే నా చేతిరాత చూసుకున్నట్టు అనిపించింది. నేను ఏమీ అడగలేదు. నా పట్టీ విప్పి బొబ్బ చూపించాను. "అబ్బో" అంది. కాసేపటికి "మేడమ్, మీకూ పరిగెత్తడం రాదా?" అని అడిగింది. రాదన్నాను. ఆ అమ్మాయి ముఖంలో కనిపించిన నిశ్చింత, నేను పదోతరగతి ఫలితాలు చదివి వినిపించినప్పుడు కూడా ఎవరి ముఖంలోనూ చూడలేదు.

మర్నాటి నుంచి ఇద్దరం మైదానం చుట్టూ నడిచాం. నేను కుంటుతూ, ఆమె కబుర్లు చెబుతూ. ఒక్కో చుట్టుకూ ఒక్కో బాదంకాయ గట్టు మీద పెట్టేది. తొలిరోజు మూడు కాయలు. ఇప్పుడు ఆ పిల్ల, మరో ఐదుగురు స్నేహితులు కలిసి పీరియడ్‌కు పద్నాలుగు కాయలు పెడుతున్నారు. కడుపునొప్పి చీటీలు రావడం పూర్తిగా ఆగిపోయిందని చెప్పను, తగ్గాయి.

ఆ చీటీ చూసిన రోజు రాత్రి పాత టైమ్‌టేబుళ్లు తీసి చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒంటిని గట్టిగా కదిలించే ఆట కావాలంటుంది. వారానికి 420 నిమిషాలు. మన టైమ్‌టేబుల్‌లో ఆటల పీరియడ్లు వారానికి రెండు, ఒక్కొక్కటి 40 నిమిషాలు. అంటే 80. ఆ 80లో 40 నిమిషాలను సిలబస్ పూర్తి కాలేదనో, రివిజన్ ఉందనో లెక్కలకు ఇవ్వమని పీఈటీ మాస్టారిని అడుగుతూ వచ్చింది నేనే. "ఈ ఒక్కసారికి మాస్టారూ, వచ్చే వారం తిరిగి ఇచ్చేస్తాను" అనేదాన్ని. నాకు గుర్తున్నంతలో ఒక్కటి కూడా తిరిగి ఇవ్వలేదు. నాకు ఆటలంటే గిట్టదు కాబట్టి, అందులోంచి తీసుకుంటే ఎవరికీ నష్టం లేదనుకున్నాను. ఏళ్ల తరబడి పిల్లల దగ్గర చేసిన అరువు అది.

అందుకని ఈ నెల మొదటి తేదీ నుంచి ఆటల పీరియడ్‌ను ఏ సబ్జెక్టుకూ, ఏ కారణంతోనూ ఇవ్వకూడదని సర్క్యులర్ తీశాను. పదో తరగతికి కూడా ఇది వర్తిస్తుంది. మార్కులు తగ్గుతాయేమోనని మీలో కొందరు ఫోను చేస్తారని తెలుసు. చేయండి, మాట్లాడుకుందాం. పరుగు పందేలలో చివరివారికి చప్పట్లు కొట్టే అలవాటు మన బడిలోనూ ఉందని ఈ మధ్యే గమనించాను. దానిని ఎలా ఆపాలో ఉపాధ్యాయులందరం కూర్చుని ఆలోచిస్తున్నాం. ఆటలంటే భయపడే పిల్లలు మీ ఇంట్లో ఉంటే చీటీ రాసి పంపకుండా ఒకసారి నన్ను కలవండి.

నడక వివరాలు. డిసెంబరు రెండో ఆదివారం. పెద్దలు ఉదయం నాలుగున్నరకు కాళీమాత గుడి దగ్గర కలుస్తాం. ఎనిమిదో తరగతి నుంచి పై పిల్లలు ఋషికొండ దగ్గర, చిన్నపిల్లలు తల్లిదండ్రులతో కలిసి ఎర్రమట్టి దిబ్బల దగ్గర చేరవచ్చు. అక్కడి నుంచి భీమిలి ఇక ఎంతో దూరం ఉండదు. మార్గమధ్యంలో మజ్జిగ, అరటిపళ్లు, పులిహోర ఏర్పాటు చేస్తామన్న పదో తరగతి తల్లులకు ధన్యవాదాలు. ప్లాస్టిక్ గ్లాసులు మాత్రం వద్దు, ఎవరి సీసా వారు తెచ్చుకోవాలి. సమయం లెక్కపెట్టడం, స్థానాలు ప్రకటించడం ఉండవు. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. ఇన్నేళ్లు ఆగిన ఊరు మన కోసం ఇంకో గంట ఆగగలదు.

చందా కాగితాలు ఇప్పటికే పిల్లల చేతికి ఇచ్చాం. నా కాగితం మీద ఆరో తరగతి బాబు ఒకడు కిలోమీటరుకు రెండు రూపాయలు రాసి, కింద ఎర్ర సిరాతో షరతు పెట్టాడు: మధ్యలో ఆటో ఎక్కితే ఇవ్వను. తెన్నేటి పార్కు సంగతి వాడికి ఎలా తెలిసిందో అర్థం కాలేదు. పోయిన ఆదివారం మంగమారిపేట దాకా వెళ్లాను, బొబ్బ లేకుండా. అంతకు మించి ముందుగా నడవనక్కరలేదని, మిగతా దూరం ఆ రోజు జనమే లాక్కుపోతారని పీఈటీ మాస్టారు అంటున్నారు. మా సాంఘిక శాస్త్రం మాస్టారయితే, 1930లో దండికి బయలుదేరిన గాంధీగారికి అప్పటికే 60 ఏళ్లని, సుమారు 385 కిలోమీటర్లు నడిచారని రోజుకోసారి గుర్తుచేస్తున్నారు. ఆయన కూడా మాతో నడుస్తారా అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

చివరగా పదో తరగతి తల్లిదండ్రులకు ఒక గమనిక. త్రికోణమితి అనువర్తనాల పాఠం అనుకున్నదానికంటే రెండు రోజులు ఆలస్యంగా పూర్తవుతుంది. మొన్న గురువారం అలవాటు కొద్దీ వెళ్లి "ఈ ఒక్కసారికి మాస్టారూ" అన్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా నోటీసు బోర్డు మీద నా సంతకం ఉన్న సర్క్యులర్ చూపించి, ఈల ఊదుకుంటూ పిల్లలను మైదానానికి తీసుకుపోయారు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు