నాన్న రేడియేషన్ అయిపోయింది, ఆ సిద్దిపేట పెద్దమ్మకు ఎలా చెప్పాలో

నిన్న మధ్యాహ్నంతో నాన్న రేడియేషన్ పూర్తయింది. వారానికి ఐదు చొప్పున ఏడు వారాలు, మొత్తం 35 సిట్టింగులు. సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది, తప్పులుంటే సర్దుకోండి. అన్నయ్య డబ్బులు చూసుకున్నాడు, వదిన వంట చూసుకుంది. వాళ్ళకు ఇక్కడ థాంక్స్ చెబితే తిడతారు. పేరు కూడా అడగని ఒక పెద్దమ్మ కోసం ఇది రాస్తున్నాను.

నాన్నది నాలుక క్యాన్సర్. మూడో వారంలో నోరంతా పూసింది. మంచినీళ్ళు మింగినా కళ్ళల్లో నీళ్ళే. చుట్టాలు ఎవరో చెప్పారని, ఇంటి వైద్యమే కదా అని పటిక నీళ్ళు పుక్కిలించమన్నాను. ఆ మంటకు ఆయన వాష్ బేసిన్ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆ తర్వాత నేను అడిగితే నోరు తెరవడమే మానేశారు.

రేడియేషన్ గది బయట బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దమ్మ ఇదంతా చూసింది. వాళ్ళాయనకూ ఇదే జబ్బు, మాకంటే రెండు వారాలు ముందున్నారు. సంచిలోంచి లీటరు సీసా తీసింది. కాచి చల్లార్చిన నీళ్ళు, అందులో చిన్న చెంచా ఉప్పు, చిన్న చెంచా తినేసోడా. "గంట రెండు గంటలకోసారి నోట్లో మెల్లగ తిప్పి ఉమ్మాలె. రోజు కొత్తగ కలుపుకోవాలె బిడ్డా" అంది. తర్వాత ఫోన్ టార్చి వేసి నాన్న ముందు వంగింది. "అన్నా, ఒక్కసారి 'ఆ' అనుండ్రి. మా ఆయనది రోజు చూస్తనే ఉన్న" అంది.

నాన్న నోరు తెరిచారు.

నేను లేచి వాటర్ కూలర్ వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

తేనె సంగతి కూడా ఆమే చెప్పింది, కానీ డాక్టర్‌ను అడిగాకే వాడమంది. నాన్నకు షుగర్ లేదు కాబట్టి డాక్టర్ సరే అన్నారు. పళ్ళు పాడవకుండా కాసేపాగి నోరు కడగాలన్నారు. రేడియేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నోట్లో తిప్పి మెల్లగా మింగేవారు. తగ్గిపోయిందని చెప్పను, కానీ పల్చటి సగ్గుబియ్యం జావ గొంతు దిగేది. "తెల్లపొర కనబడితే తేనె గీనె పక్కన బెట్టి డాక్టర్‌కు చూపియ్యి" అని కూడా అంది. ఐదో వారంలో సరిగ్గా అదే వచ్చింది. ఫంగస్ అని మందు రాశారు.

ఇవన్నీ బెంచీ మీద తెలియాల్సిన విషయాలా? మొదటి రోజు ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, అంతే. నోరు ఇలా పూస్తుందని, కారం, పులుపు, స్పిరిట్ ఉండే మౌత్‌వాష్ వద్దని తెలుగులో రెండు ముక్కలు చెప్పినవాళ్ళు లేరు. నాన్న ఆరు కిలోలు తగ్గాక గానీ డైటీషియన్ దగ్గరికి పంపలేదు. రాసిన మౌత్‌వాష్ అడిగితే కౌంటర్లో రోజూ "స్టాక్ లేదు". మిషన్ చెడిపోయిన రెండు రోజులూ ఉప్పల్ నుంచి వచ్చి ఊరికే తిరిగి వెళ్ళాం. ఫోన్ చేసి చెబితే పోయేదిగా!

పెద్దమ్మ వాళ్ళ సిట్టింగులు ముందే అయిపోయాయి. ఆ రోజు నేను మందుల లైనులో ఉన్నాను, వచ్చేసరికి వెళ్ళిపోయారు. నంబర్ తీసుకోలేదు. సీసా మాత్రం మా దగ్గరే ఉండిపోయింది, నీళ్ళు ఎంతవరకు పోయాలో గోరింటాకు పెట్టుకున్న వేలితో చూపించిన గీత దాని మీద ఇంకా ఉంది. సిద్దిపేట వైపు ఎవరికైనా ఆమె తెలిస్తే చెప్పండి, అన్న నోటితోనే తింటున్నాడని. పుండ్లు మానడానికి ఇంకొన్ని వారాలు పడుతుందట.

అయ్యో, రోజూ గేటు దాకా తెచ్చి దింపిన ఆటో యాదగిరన్న! వేరే షాపు నుంచి మౌత్‌వాష్ తెప్పించిన మా వీధి మెడికల్ షాపు తమ్ముడు, సెలవులు లెక్కపెట్టని మా మేనేజర్ గారు. ముఖానికి మాస్కు బిగించేటప్పుడు "ఐదే నిమిషాలు బాబాయ్" అని భుజం తట్టిన టెక్నీషియన్ బాబు. పై వాటా ఆంటీ కూడా, సగ్గుబియ్యం ఆవిడదే.

నాన్న గ్లాసు మీద చెంచాతో కొడుతున్నారు. జావ టైమైంది, ఉంటాను.